చక్రాల అలైన్‌మెంట్ మూడుసార్లు చేయించినా కారు ఎడమకే లాగుతోంది, ఇంకేం చూడాలి?

పనత్తూరు_ప్రయాణికుడు
ఆదివారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను గానీ పోస్టు పెట్టడం ఇదే మొదటిసారి.

బండి 2018 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్, 64,000 కిలోమీటర్లు తిరిగింది. వినాయక చవితికి అనంతపురం వెళ్లి బెంగళూరు తిరిగొస్తుంటే బాగేపల్లి దాటాక టీ తాగుదామని సర్వీసు రోడ్డులోకి దింపాను. వాన నీళ్లు నిండి ఉన్నాయి, అది గుంట అని పడేదాకా తెలియలేదు. ఎడమ ముందు చక్రం దబ్బుమంది. టైరు పక్కన కోడిగుడ్డంత ఉబ్బు వచ్చింది. స్టెప్నీ వేసుకుని ఇంటికి చేరి, మర్నాడు ఆ ఒక్క టైరూ కొత్తది వేయించాను. రిమ్ము వంగలేదన్నారు.

అప్పట్నుంచి బండి ఎడమకి లాగుతోంది. 60లో వెళ్తూ పట్టు కాస్త వదులు చేస్తే చాలు, నాలుగైదు సెకన్లలో పక్క లేనులోకి వెళ్లిపోతుంది. బ్రేకు వేస్తే ఇంకొంచెం ఎక్కువ. ఔటర్ రింగ్ రోడ్డు మీద మారతహళ్ళి నుంచి హెబ్బాళ దాకా వెళ్లేసరికి కుడి భుజం నొప్పి పుడుతోంది.

రెండు షాపుల్లో కలిపి మూడుసార్లు అలైన్‌మెంట్ చేయించాను. మూడుసార్లూ కాగితంలో అన్నీ పచ్చ రంగే, అంటే అన్నీ సరిగ్గా ఉన్నట్టే. మూడోసారి అడిగితే "ఏనూ ప్రాబ్లమ్ ఇల్ల సార్, రోడ్డే అలా ఉంది" అన్నాడు, కావాలంటే క్యాంబర్ (చక్రం నిలువు వాలు) చేస్తాను, చక్రానికి 500 అన్నాడు. చేయించమంటారా?

జేసీరోడ్_రెగ్యులర్
ఆదివారం, రాత్రి 10:05

ముందు ఆ క్యాంబర్ డబ్బులు జేబులోనే పెట్టుకోండి. గాలి చూశారా? షాపువాళ్లు పెట్టారు అనకండి, మీరు మీ గేజితో పొద్దున్నే చక్రాలు చల్లగా ఉన్నప్పుడు చూశారా అని అడుగుతున్నా. ముందు రెంటిలో అయిదారు పీఎస్ఐ తేడా ఉంటే తక్కువ ఉన్న వైపుకి లాగుతుంది, దానికి ఏ అలైన్‌మెంటూ పనికిరాదు.

రెండోది, బ్రేకు వేస్తే ఎక్కువ లాగుతోంది అన్నారు కాబట్టి ఎడమ క్యాలిపర్ (బ్రేకు ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) పట్టేసుకుందేమో చూడండి. నాకు రెండేళ్ల క్రితం ఇదే జరిగింది, స్లైడ్ పిన్ను తుప్పు పట్టి ఇరుక్కుపోయింది, ప్యాడ్ ఎప్పుడూ డిస్కుకి రాసుకుంటూ ఉండేది. పది కిలోమీటర్లు బ్రేకు తక్కువ వాడుతూ నడిపి, ఆపి, రెండు ముందు చక్రాల దగ్గరా అరచేయి పెట్టండి, తగలకుండా దగ్గరగా. ఒకటి సెగ కొడుతూ రెండోది మామూలుగా ఉంటే దొంగ దొరికినట్టే. జాకీ ఎత్తి చేత్తో తిప్పినా తెలుస్తుంది.

టో_తాత
ఆదివారం, రాత్రి 10:31

పాతికేళ్లుగా బండ్లు నడుపుతున్నా. లాగుతోంది అంటే టో తప్పు, చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉన్నాయన్నమాట. షాపువాడు టో సరిగ్గా పెట్టలేదు. మంచి షాపుకి వెళ్లండి, అంతే.

గ్రీజు_చేతులు
ఆదివారం, రాత్రి 11:48

టో_తాత గారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నాను, ముందు చక్రాల టో వల్ల బండి ఒకవైపు లాగదు. రెండు ముందు చక్రాలూ టై రాడ్లతో ఒకే స్టీరింగ్ ర్యాక్‌కి కట్టి ఉంటాయి కదా, ఒక చక్రానిది ఎక్కువైతే నడిచేటప్పుడు అది రెంటికీ చెరిసగం పంచుకుపోతుంది. ఫలితం ఏమిటంటే బండి తిన్నగానే వెళ్తుంది, స్టీరింగ్ మాత్రం వంకరగా నిలుస్తుంది, టైర్ల అంచులు రంపం పళ్లలా అరుగుతాయి. వెనక చక్రాల టో తేడా అయితే మీ మాటలో నిజం ఉంది, అప్పుడు వెనక భాగం బండిని పక్కకి తోస్తుంది, తిన్నగా పోవడానికి స్టీరింగ్ తిప్పి పట్టుకోవాలి.

నేను హోసూరు రోడ్డు వైపు ఒక షాపులో ఆరేళ్లు అలైన్‌మెంట్ మెషిన్ మీద పనిచేశాను, ఇప్పుడు వేరే ఉద్యోగం. అందుకే లోపలి సంగతి చెప్తాను. అడిగినవాళ్లకి పచ్చ రంగు చూపించడం పెద్ద కష్టం కాదు. చాలా చిన్న కార్లలో ముందు టో తప్ప ఇంకేదీ తిప్పి సరిచేసే బోల్టే ఉండదు. కాబట్టి టో పచ్చ అయితే కాగితం పచ్చ.

పనత్తూరు గారూ, ఆ కాగితం నంబర్లు ఇక్కడ పెట్టండి. ముఖ్యంగా క్యాస్టర్ అన్న వరసలో ఏముందో చూడండి. ఖాళీగా ఉందని నా పందెం.

పనత్తూరు_ప్రయాణికుడు
సోమవారం, ఉదయం 7:15

పందెం మీరే గెలిచారు. మూడు కాగితాల్లోనూ క్యాస్టర్ దగ్గర గీతలే ఉన్నాయి. చివరి కాగితం ఇది.

ముందు క్యాంబర్: ఎడమ −0°35', కుడి −0°20'
ముందు టో: ఎడమ +0°02', కుడి +0°03'
వెనక క్యాంబర్: ఎడమ −1°05', కుడి −1°10'
వెనక టో: ఎడమ +0°08', కుడి +0°11'

గాలి పొద్దున్నే చూశాను, నాలుగింటిలోనూ 33. బ్రేకుల సంగతి సాయంత్రం చూస్తాను.

నెల్లూరు2చెన్నై
సోమవారం, ఉదయం 8:02

కాగితం చదివేటప్పుడు ఒక్క మాట. కొన్ని మెషిన్లు డిగ్రీలు, నిమిషాల్లో చూపిస్తాయి, కొన్ని దశాంశంలో. 0°30' అంటే అర డిగ్రీ, అదే 0.30 అంటే 18 నిమిషాలే. నేను రెండు షాపుల కాగితాలు పక్కపక్కన పెట్టి ఒకడు మోసం చేశాడని ఒక రాత్రంతా రగిలిపోయాను, తీరా చూస్తే రెండూ ఒకటే 😅

గ్రీజు_చేతులు
సోమవారం, ఉదయం 8:40

నంబర్లు చూశాను. వెనక టో రెండు వైపులా దాదాపు సమానం, కాబట్టి వెనక నుంచి తోపు లేదు. ఇక క్యాంబర్. చక్రం పైభాగం ఎటు బయటికి ఎక్కువ వాలి ఉంటే అటు లాగుతుంది, అంటే ప్లస్ ఎక్కువ ఉన్న వైపుకి. మీ కుడి చక్రం −0°20', ఎడమ −0°35', అంటే లాగితే కుడికి లాగాలి. తేడా కూడా 15 నిమిషాలే, సాధారణంగా 30 నిమిషాలు దాటేదాకా ఎవరూ పట్టించుకోరు. మీ బండి ఎడమకి లాగుతోంది. క్యాంబర్ చేస్తానన్న ఆ మనిషి తన ముందున్న కాగితం తనే చదవలేదన్నమాట.

పైగా సర్దడానికి ఏర్పాటు లేని బండికి క్యాంబర్ చేయడం అంటే కొన్నిచోట్ల ఏం చేస్తారో తెలుసా? హైడ్రాలిక్ జాకీ పెట్టి స్ట్రట్‌ని, అంటే చక్రాన్ని పట్టి ఉంచే షాక్ అబ్సార్బర్‌ని వంచుతారు. నేనే చేశాను, చేయమంటే. నంబర్ వచ్చేస్తుంది, స్ట్రట్ లోపలి రాడ్డు మాత్రం పక్కకి రాసుకుంటూ ఆయిల్ లీకు మొదలవుతుంది. సన్నటి నడుము ఉన్న క్యాంబర్ బోల్టు వేసి సర్దడం వేరు, అది తప్పు కాదు, ఏది చేస్తున్నాడో అడగాలి.

ఇప్పుడు చేయాల్సింది టైర్ల మార్పిడి. ముందు రెండూ ఎడమది కుడికి, కుడిది ఎడమకి వేసి అదే రోడ్డు మీద నడపండి. లాగుడు దిక్కు మారితే దోషం టైరుది. కొత్త టైరైనా సరే, లోపల బెల్టు కాస్త పక్కకి కూర్చుంటే టైరు శంకువులా దొర్లుతుంది, కంటికి కనపడదు. టైరు పక్కన బాణం గుర్తు ఉంటే మాత్రం ఎడమ కుడి మార్చకండి, ముందూ వెనకా మార్చి చూడండి.

కొత్త_ఎల్_బోర్డు
సోమవారం, మధ్యాహ్నం 1:20

మధ్యలో దూరుతున్నందుకు సారీ. క్యాంబర్ అర్థమైంది, చక్రం నిలువుగా ఉందా వాలిందా అని. టో అంటే పాదాల ముందు వేళ్లు లోపలికా బయటికా అన్నట్టు. క్యాస్టర్ ఏమిటి?

గ్రీజు_చేతులు
సోమవారం, మధ్యాహ్నం 2:05

సైకిల్ ముందు ఫోర్కు చూడండి. నిలువుగా ఉండదు, పైభాగం సీటు వైపు వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలు కూడా సాయపడబట్టే చేతులు వదిలినా సైకిల్ తిన్నగా పోతుంది, హ్యాండిల్ దానంతటదే మధ్యకి వస్తుంది. కారులో కూడా స్టీరింగ్ తిప్పితే చక్రం పక్కకి తిరిగే ఇరుసుకి అలాంటి వాలే ఉంటుంది, స్ట్రట్ పై చివర, కింద బాల్ జాయింటు, ఈ రెంటినీ కలిపే గీత అనుకోండి. అదే క్యాస్టర్. రెండు వైపులా ఆ వాలు సమానంగా ఉంటే ఒకదాన్నొకటి పట్టి నిలుపుతాయి. ఒకవైపు తగ్గితే బండి అటు పోతుంది. గుర్తుంచుకోండి, తక్కువ ఉన్న వైపుకే.

దీన్ని ఊరికే నిలబెట్టి కొలవలేరు. ముందు చక్రాలు తిరిగే పళ్లేల మీద ఉండాలి, వాటి పిన్నులు తీసెయ్యాలి, బ్రేకు పెడల్‌కి కర్ర పెట్టి నొక్కి ఉంచాలి, అప్పుడు స్టీరింగ్‌ని ఎడమకీ కుడికీ మెషిన్ చెప్పినంత తిప్పి చూడాలి. అయిదారు నిమిషాల పని. శనివారం సాయంత్రం వెనక తొమ్మిది బండ్లు హారన్ కొడుతుంటే ఎవడు చేస్తాడు? మేమూ చేసేవాళ్లం కాదు. క్లాంపులు బిగించాక బండిని కాస్త ముందుకి వెనక్కి దొర్లించి రిమ్ము సొట్ట వల్ల వచ్చే తేడాని లెక్కలోంచి తీసెయ్యాలి, అది కూడా వదిలేసేవాళ్లం, గుంటలో పడ్డ బండికైతే అదే ముఖ్యం.

పనత్తూరు_ప్రయాణికుడు
సోమవారం, రాత్రి 10:50

ఆఫీసు నుంచి వచ్చాక బ్రేకులు చూశాను. రెండు వైపులా సెగ ఒకేలా ఉంది. జాకీ ఎత్తి తిప్పితే రెండూ సాఫీగా తిరుగుతున్నాయి. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో ఇదంతా చేస్తుంటే సెక్యూరిటీ అతను వచ్చి టార్చి పట్టాడు పాపం.

టైర్లు కూడా మార్చాను. కొత్తది ఇప్పుడు కుడి ముందు ఉంది. రేపు పొద్దున్నే నడుపుతాను. రోడ్డు సంగతి మాత్రం అడగాలి, బెంగళూరులో సమతలంగా ఉన్న రోడ్డు ఎక్కడుంది స్వామీ?

అనంత_ఇంజిన్
సోమవారం, రాత్రి 11:14

ఎక్కడా లేదు, ఉండకూడదు కూడా. వాన నీళ్లు పోవాలని ప్రతి రోడ్డుకీ పక్కకి వాలు పెడతారు, తారు రోడ్డుకి మీటరుకి రెండు, రెండున్నర సెంటీమీటర్లు. మనం ఎడమ వైపు నడుపుతాం, ఎడమ అంచుకే వాలు. కాబట్టి ఏ లోపమూ లేని బండి కూడా మన దగ్గర నెమ్మదిగా ఎడమకే జారుతుంది. ఫ్లైఓవర్ల మీద కూడా వాలు ఉంటుంది, ఎలక్ట్రానిక్ సిటీ ఎలివేటెడ్ మీద చూద్దామనుకునేవాళ్లు గమనించండి.

సరైన పద్ధతి, తిన్నగా పోతుందని తెలిసిన ఇంకో బండి తీసుకెళ్లి అదే లేనులో, అదే వేగంలో నడిపి రెండూ పోల్చడం. మీ బండి నాలుగు సెకన్లలో జారి అది పన్నెండు సెకన్లలో జారితే మీ బండిది తప్పు. చేతులు పూర్తిగా వదలకండి, వేళ్లు స్టీరింగ్ కింద ఆనించి ఉంచండి. ఆదివారం పొద్దున అయిదున్నరకి వెళ్లండి, ఆరున్నరకల్లా ఊరు లేస్తుంది.

ఇంకో సంగతి, గేరు వేసి తొక్కినప్పుడే లాగి, కాలు తీస్తే రెండో పక్కకి పోతే అది వేరే కథ, ఇంజిన్ మౌంట్లు, డ్రైవ్ షాఫ్ట్‌లు, సబ్‌ఫ్రేమ్ బోల్టులు చూడాలి. న్యూట్రల్‌లో దొర్లించి చూడండి.

నెల్లూరు2చెన్నై
మంగళవారం, ఉదయం 6:48

నాది ఇంకో రకం. ఎడమకి తిరిగి వస్తే ఎడమకి లాగేది, కుడి మలుపు తిరిగి వస్తే కుడికి. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద మహాబలిపురం వెళ్లేటప్పుడు ఒక తీరు, వచ్చేటప్పుడు ఒక తీరు. నా భార్య ఇది బండి మూడ్ అనేది. చివరికి స్ట్రట్ పైన ఉండే మౌంట్ బేరింగ్ పట్టేసింది అని తేలింది, స్టీరింగ్ మధ్యకి తిరిగి రాకుండా మిగిలిపోయేది. మీది ఎప్పుడూ ఎడమకేనా?

పనత్తూరు_ప్రయాణికుడు
మంగళవారం, ఉదయం 9:10

ఎప్పుడూ ఎడమకే. న్యూట్రల్‌లో కూడా అంతే.

టైర్లు మార్చినా దిక్కు మారలేదు. పైగా ఇంకాస్త ఎక్కువైనట్టు అనిపించింది, నా భ్రమో ఏమో. మా పక్క ఫ్లాట్ ఆయన బండి కూడా అడిగి నడిపాను, అది వైట్‌ఫీల్డ్ వైపు అదే రోడ్డు మీద ఎంతసేపటికోగానీ జారలేదు.

ఒక సంగతి మొదట చెప్పడం మర్చిపోయాను, ముఖ్యం అనిపించలేదు. హంపు మెల్లగా దిగేటప్పుడు ఎడమ కింద నుంచి "డుక్" అని ఒక చప్పుడు. ఒక్కటే, ప్రతిసారీ కాదు.

జేసీరోడ్_రెగ్యులర్
మంగళవారం, ఉదయం 9:22

అయ్యో, దీన్ని రెండు రోజులు దాచారా!! లోయర్ ఆర్మ్ బుష్, చక్రాన్ని కింద నుంచి బండికి పట్టి ఉంచే ఆర్మ్ చివర రబ్బరు.

గ్రీజు_చేతులు
మంగళవారం, ఉదయం 9:55

అవును. నేను కూడా మొదటే అడగాల్సింది, చప్పుడు ఉందా అని.

భ్రమ కాదు. కొత్త టైరు ట్రెడ్డు లోతు ఎక్కువ, కాబట్టి చక్రం చుట్టుకొలత కొంచెం పెద్దది. దాన్ని కుడికి వేశారు, చిన్న చక్రం ఎడమకి వచ్చింది, బండి చిన్న చక్రం వైపుకి ఒరుగుతుంది. అందుకే ఇంకాస్త లాగింది. తర్వాత ముందు రెండూ సమానంగా అరిగినవి వేయండి, ఆ ఒంటరి కొత్తదాన్ని వెనక చక్రానికి మార్చండి.

ఇప్పుడు టేపు తీసుకోండి. స్టీరింగ్ తిన్నగా పెట్టి, ఎడమ వైపు ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్య దాకా కొలవండి. కుడి వైపు కూడా. ఇంకా తేలిక, టైరుకీ ఫెండరు వెనక అంచుకీ మధ్య ఎన్ని వేళ్లు పడుతున్నాయో రెండు వైపులా చూడండి. గుంటలో పడ్డప్పుడు చక్రం వెనక్కి నెట్టబడుతుంది, దాంతో కింది బాల్ జాయింటు వెనక్కి పోతుంది, పైభాగం ఉన్నచోటే ఉంటుంది. వాలు తగ్గింది అంటే క్యాస్టర్ తగ్గింది. ఎడమ క్యాస్టర్ తగ్గితే ఎడమకి లాగుడు. బ్రేకు వేస్తే ఎక్కువ ఎందుకంటే చిరిగిన బుష్ మీద ఆర్మ్ ఇంకా వెనక్కి జరుగుతుంది.

టో_తాత
మంగళవారం, ఉదయం 10:30

టో మాత్రం మళ్లీ చేయించాలి కదా చివర్లో?

గ్రీజు_చేతులు
మంగళవారం, ఉదయం 10:34

చేయించాలి తాతగారూ 🙂 ఆర్మ్ మార్చాక టో తప్పకుండా మారుతుంది.

పనత్తూరు_ప్రయాణికుడు
శనివారం, సాయంత్రం 6:20

ఆలస్యమైంది, వారం మధ్యలో సెలవు దొరకలేదు.

టేపుతో కొలిస్తే ఎడమ వైపు 11 మిల్లీమీటర్లు తక్కువ. రెండుసార్లు కొలిచాను, మా ఆవిడతో కూడా కొలిపించాను. తర్వాత ఒక చిన్న గ్యారేజీకి తీసుకెళ్లాను, అక్కడి పెద్దాయన లిఫ్టు ఎక్కించి సన్నటి కడ్డీ పెట్టి ఎడమ ఆర్మ్ వెనక బుష్ దగ్గర అటూ ఇటూ నెడితే రబ్బరు నోరు తెరిచినట్టు విడిపోయింది. ఆర్మ్ కూడా కొంచెం వంగిందని, కుడి దానితో పోల్చి చూపించాడు.

విప్పకముందే వేరే షాపులో క్యాస్టర్ కొలిపించాను. "సార్, అది అందరూ అడగరు" అన్నాడు, 200 ఎక్కువ ఇస్తానంటే చేశాడు. ఎడమ 2°50', కుడి 4°10'. ఎడమది ఎర్రగా వెలిగింది. ఇన్ని రోజుల్లో మొదటిసారి ఎరుపు చూసి సంతోషపడ్డాను, విచిత్రం.

జేసీ రోడ్డు స్పేర్ పార్ట్స్ షాపుల్లో ఎడమ ఆర్మ్ పూర్తిగా తెచ్చాను, బుష్‌లూ బాల్ జాయింటూ దానితోనే వచ్చాయి, 2,350. కుడి వైపు వెనక బుష్ ఒక్కటి మార్పించాను, మజూరీతో కలిపి మొత్తం 4,600 అయింది. అంతకుముందు అలైన్‌మెంట్లకి పోసింది 1,900.

గ్రీజు_చేతులు
శనివారం, సాయంత్రం 6:41

బోల్టులు చివరిగా ఎప్పుడు బిగించాడు? చక్రాలు గాల్లో వేలాడుతున్నప్పుడా, బండి నేల మీద నిలబడ్డాకా?

పనత్తూరు_ప్రయాణికుడు
శనివారం, సాయంత్రం 6:58

అది నేనూ అడగబోయాను, ఆయనే చెప్పాడు. లిఫ్టు దించి, చక్రాల కింద దిమ్మలు పెట్టి, బరువు పడ్డాక బిగించాడు. గాల్లో బిగిస్తే రబ్బరు మెలి తిరిగిన స్థితిలో బిగుసుకుపోయి కొన్ని నెలల్లోనే మళ్లీ చిరుగుతుందట.

ఆ తర్వాత అలైన్‌మెంట్. క్యాస్టర్ ఇప్పుడు ఎడమ 3°45', కుడి 4°05'. కొత్త టైరు వెనక్కి వెళ్లింది. పొద్దున అదే రోడ్డు మీద చూశాను, కొంచెం ఎడమకి జారుతోంది, పక్క ఫ్లాట్ ఆయన బండి ఎంత జారిందో అంతే. డుక్ చప్పుడు లేదు.

అనంత_ఇంజిన్
శనివారం, రాత్రి 8:12

ఆ మిగిలినది రోడ్డు వాలు, దానికి ఇక ఎవరికీ డబ్బు ఇవ్వకండి. మీ బండికి స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ ఉంటే, టై రాడ్లు కదిపారు కాబట్టి స్కానర్ పెట్టి సున్నా చేయించారేమో కనుక్కోండి, డ్యాష్‌బోర్డు మీద స్టీరింగ్ బొమ్మ ఏదీ వెలగకపోతే పెద్ద టెన్షన్ అక్కర్లేదు.

టో_తాత
బుధవారం, ఉదయం 11:05

మీరందరూ ఇంత చెప్పాక నా బండికీ క్యాస్టర్ కొలవమని నిన్న షాపుకి వెళ్లాను. కుర్రాడు పిన్నులు తియ్యకుండానే స్టీరింగ్ తిప్పబోయాడు. ఆగమన్నాను. నన్ను ఎగాదిగా చూసి, "సార్, మీదీ అలైన్‌మెంట్ షాపేనా?" అన్నాడు.